చెడిన చోటు చివరికి

డిస్కు చప్పుడు చేస్తోందని ఫోను.
ఎలాంటి చప్పుడని అడిగితే
బెలార్మీనో తన రేడియో గొంతుతోనే పలికి వినిపించాడు:
టిక్. టిక్. టక్.
కాసేపు ఏమీ లేదు.
మళ్ళీ టిక్.
ఆపెయ్, ఇప్పుడే ఆపెయ్,
నేనొచ్చేదాకా ముట్టుకోకు అన్నాను.

కాస్త్రో నుంచి బస్సు, దల్కావే రేవులో బల్లకట్టు,
కోటు లోపల పసిదానిలా కొత్త డిస్కు.
వాన. చిలోయేలో వాన పడిందని చెబితే
వెర్రివాణ్ణి చూసినట్టు చూస్తారు.

అచావోలో ఆ స్టూడియో అంతా ఒక కట్టెల పొయ్యి,
ఒక మైకు, బంగాళాదుంపల బస్తా కింద ఒక కంప్యూటరు.
అందులో ఇరవై రెండేళ్ల కబుర్లు.
ఫోను అందని దీవులకి
రోజూ ఏడింటికి ఈ గదే చెప్పినవి:
"అపియావోలో ఉర్సులీనాకి. గొర్రెలు గురువారం పడవకి వస్తాయి,
ఎడ్లబండితో రేవు దగ్గర ఉండు."
"మెలిటోన్‌కి. ఆపరేషను అయింది. సూపు తాగాడు. ఉప్పు చాల్లేదన్నాడు."

ఇంకో కాపీ ఉందా అని అడిగాను.
బెలార్మీనో వెళ్ళి పొయ్యిలో కట్టె సర్దాడు.

"ఫ్రీజర్లో పెడితే బతుకుతుందట, మా బావమరిది అన్నాడు."
"ఆయన చేపలమ్ముతాడు కదా?"
"అవును."
"చేపలకైతే సరే."

రెండు డిస్కులూ నా లాప్‌టాప్‌కి తగిలించి
ఏది పాతది, ఏది కొత్తది
మూడుసార్లు చూసుకున్నాను.
ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది
ఖాళీ డిస్కుని నిండుదాని మీదకి కాపీ చేశాను.
ఆ పెళ్ళి ఫొటోల వాళ్ళు నేనెదురైతే
ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతారు.

తర్వాత చేసేదేమీ లేదు, చూడటమే.
ముందు అడగ్గానే ఇచ్చేదంతా తీసుకోవాలి.
మొరాయించిన చోట గుంజులాడకూడదు,
గుర్తు పెట్టుకుని ముందుకు దూకాలి.
చివరంటా వెళ్ళి, చివర్నుంచి వెనక్కి రావాలి.
ఒక వైపు నుంచి రానిది
ఇంకో వైపు నుంచి వస్తుంది ఒక్కోసారి.
చెడిన చోటు దగ్గరికి అందరికంటే ఆఖర్న,
చిన్నచిన్న అడుగులతో.

ఎర్సీరా హీటరు ప్లగ్గు పీకేసింది, కరెంటు పోతుందేమోనని.
పక్కనే కూర్చుని ఉన్ని అల్లుతూ
టక్కుమన్నప్పుడల్లా
సూదులు ఆపింది.

తెల్లారేసరికి అంతా వచ్చింది,
అరవై అయిదు కిలోబైట్లు తప్ప.
ఎక్కడివా అని వెతికాను.
ఒకే ఒక్క కబురు, రెండువేల ఆరు, జూన్.
ఆడగొంతు. వెనకాల ఓడ కూత.

"ఎలియాసర్, పోర్ట్ మోంత్‌లో ఉన్నాను. పడవ దొరికింది. కానీ"

నాలుగు సెకన్లు

"అందుకే, కుక్కకి తిండి పెట్టు."

బెలార్మీనో మూడుసార్లు విన్నాడు.
క్షమించమందామని నోరు తెరిచాను.
"ఎందుకూ? ఆ సాయంత్రం ఏడింటికే ఇది చేరిపోయింది.
ఎలియాసర్ విన్నాడు.
కుక్క బాగా లావెక్కింది కూడా, నేను చూశాను."

కొత్తది బిగించి మీట నొక్కాను.
కంప్యూటరుకి ఏమీ తెలియలేదు.
ఎప్పటి గోడబొమ్మే, ఎప్పటి పాస్‌వర్డే,
మూడు నిమిషాలు తప్పుగా నడిచే ఎప్పటి గడియారమే.
పాతదాని మీద "నడపొద్దు, పారెయ్యొద్దు" అని రాసి
సంచిలో వేసుకున్నాను.
ఇంకో డిస్కు కొని కాపీ పెట్టుకోమన్నాను.
నెలాఖరుకి చూద్దామన్నాడు.

ఆఖరి బల్లకట్టు మీద బస్సులోనే కూర్చున్నాం.
ఏడింటికి డ్రైవరు రేడియో పెట్టాడు.
ఎవరికో గ్యాసు బండ, ఎవరికో దంతవైద్యుడు మంగళవారం రాడని.
తర్వాత బెలార్మీనో గొంతు సవరించుకున్నాడు:
"మెయులిన్ దీవిలో ఎలియాసర్‌కి.
రెండువేల ఆరు జూన్‌లో నీకొచ్చిన కబురులో
నాలుగు సెకన్లు మా దగ్గర పోయాయి.
పడవ దొరికింది, కానీ... ఆ తర్వాతది.
గుర్తుంటే వచ్చి చెప్పు.
నీకే ఉంచుకోవాలనుంటే, అదీ సరే."

డ్రైవరు వైపర్లు ఆపాడు,
ఇంకా ఏమైనా చెబుతాడేమోనని.